రెండు తలుపుల చిన్న కారు, ఇంట్లో చంటిబిడ్డ: కారు మార్చకుండా నడుపుకోవడం ఎలా

నాకు ఐదో నెల దాటగానే చుట్టాలు అడిగిన మొదటి ప్రశ్న పేరు గురించి కాదు, కారు గురించి. ‘ఇక పెద్ద బండి చూసుకోవాలిగా?’ అని. మాది ఎంజీ కామెట్, కరెంటుతో నడిచే చిన్న కారు. 2023లో హైదరాబాద్‌లో కొన్నాం. పొడవు 2,974 మిల్లీమీటర్లు, అంటే మూడు మీటర్లు కూడా లేదు. వెడల్పు మీటరున్నర. రెండే తలుపులు, నాలుగు సీట్లు, వెనక సీటు ఎత్తి ఉంటే డిక్కీ అన్నది నామమాత్రం. మా పాపకు ఇప్పుడు పందొమ్మిది నెలలు. కారు అదే.

ఇంతకాలం నడిపాక నాకు తెలిసివచ్చింది ఒకటే. లోపల చోటు చాలుతుంది. ఇబ్బందంతా తలుపు దగ్గరే. ఎవరు ముందు ఎక్కాలి, ఏది ముందు పెట్టాలి, బిడ్డను ఎప్పుడు అందుకోవాలి అన్న వరస కుదరకపోతే పెళ్లి మండపం ముందు పావుగంట చెమటలు కక్కాల్సిందే. కుదిరితే రెండు నిమిషాల పని. కింద రాసినదంతా ఆ వరస గురించే. పాత రేవా, ఈ2ఓ లాంటి రెండు తలుపుల ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవాళ్లకూ, వెనక తలుపులు లేని థార్ ఉన్నవాళ్లకూ చాలావరకు వర్తిస్తుంది. కొలతలు మాత్రం మీవి మీరే తీసుకోవాలి.

1. ఏడో నెలలోనే టేపు పట్టుకోండి

బేబీ సీటు కొనేముందు మూడు కొలతలు కావాలి. మొదటిది: కారు ఎక్కువగా నడిపే మనిషిని తనకు అలవాటైన తీరులో కూర్చోబెట్టి, ఆ సీటు వీపుకూ వెనక సీటు వీపుకూ మధ్య దూరం. రెండోది: ముందు సీటు వంచినప్పుడు తలుపు పక్కన మిగిలే సందు వెడల్పు. బిడ్డా, బిడ్డను పట్టుకున్న మీ మోచేతులూ ఆ సందులోంచే వెళ్లాలి. మూడోది కారులో కాదు, మీ సెల్లార్‌లో. మీ చోట బండి నిలిపి తలుపు పూర్తిగా తెరిచి, స్తంభమో పక్క బండో ఎక్కడ అడ్డొస్తుందో చూసుకోండి. రెండు తలుపుల కార్లకు తలుపు మామూలు కన్నా పొడవుగా ఉంటుంది. సగం తెరిస్తే పెద్దవాళ్లు ఎలాగో దూరిపోతారు, బిడ్డతో దూరలేరు.

సీటు కుట్ల మధ్య వేలు పెట్టి ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే బెల్టు లేకుండా బేబీ సీటును నేరుగా కారుకు తగిలించేవి, కూడా వెతకండి. వెనక సీటు వీపు, అడుగు కలిసే చోట లోపల గట్టి ఇనుప కమ్మీలు రెండు తగులుతాయి. అవి లేని పాత బండి అయితే సీటు బెల్టుతో బిగించే రకం కొనాలి. దానికి బెల్టు పొడవు చాలుతుందో లేదో దుకాణంలోనే, మీ కారులోనే పెట్టి చూడాలి.

2. ఏ సీటు కొనాలి

రెండు రకాలున్నాయి. చేతిపిడితో బుట్టలా ఎత్తుకెళ్లే సీటు ఒకటి, సాధారణంగా 13 కిలోల బరువు దాకా పనికొస్తుంది. దాని బేస్ కారులోనే బిగించి ఉంటుంది. బుట్టను తెచ్చి టక్కున తగిలించడమే. రెండోది కారులోనే స్థిరంగా ఉండే కన్వర్టిబుల్. మొదట వెనక్కి తిప్పి, పెద్దయ్యాక ముందుకు తిప్పి వాడతారు.

నాలుగు తలుపుల కారు ఉన్నవాళ్లు బుట్ట సీటును ఆకాశానికెత్తుతారు, నిద్రపోతున్న బిడ్డను లేపకుండా ఇంట్లోకి తెచ్చుకోవచ్చని. మన కారులో లెక్క వేరు. ఖాళీ బుట్టే నాలుగు కిలోల దాకా ఉంటుంది. ఐదు కిలోల బిడ్డతో కలిపి తొమ్మిది. అంత బరువును వంచిన ముందు సీటు పక్కనుంచి, నడుము మెలితిప్పి, చేతులు చాచి లోపలికి పంపాలి. నాది సిజేరియన్. బిడ్డ కన్నా బరువైనది ఎత్తవద్దని డాక్టరు చెప్పిన ఆరు వారాలూ బుట్ట ఎత్తే పని మా ఆయనదే. ఐదో నెల వచ్చేసరికి ఆయన నడుమూ మొరాయించింది.

అయినా మొదటి ఐదారు నెలలకు బుట్ట సీటే మంచిదంటాను. అప్పుడే పుట్టిన బిడ్డ తలకూ వీపుకూ అందులో అమరిక బాగుంటుంది. అయితే బిడ్డ కూర్చుని ఉండగా దాన్ని కారులోకీ బయటికీ మోయకండి. బుట్ట లోపలే ఉండనిచ్చి బిడ్డను మాత్రం చేతుల్లో తీసుకెళ్లండి. ఒకే సీటుతో సరిపెట్టాలనుకుంటే పుట్టిన రోజు నుంచి పనికొచ్చే కన్వర్టిబుల్ తీసుకోండి. కొనేటప్పుడు దాని మీద భద్రతా ప్రమాణం పేరు, అంటే ఈసీఈ ఆర్44/04 అనో, ఆర్129 అనో అచ్చు ఉన్న నారింజ రంగు చీటీ ఉందో లేదో చూడండి. రెండోది కొత్త ప్రమాణం. దాని ప్రకారం బిడ్డకు కనీసం 15 నెలలు నిండేదాకా ముఖం వెనక్కే ఉండాలి.

గిరగిరా తిరిగే సీట్లు చూడగానే ఆశ పుడుతుంది. వెనక తలుపు ఉన్న కారులో అవి వరమే. మనకు తలుపు ఉన్నచోటికి సీటు తిరగదు, పైగా లావుగా ఉండి ముందు సీటును నెట్టేస్తాయి. నేను ఒకటి తెప్పించి, పెట్టి చూసి, వెనక్కి పంపాను.

ఎవరో వాడిన సీటు ఇస్తామంటే, అది ప్రమాదంలో పడిన బండిలోది కాదని మీకు ఖాయంగా తెలిస్తేనే తీసుకోండి. ప్లాస్టిక్‌కూ ఆయుష్షు ఉంటుంది. సీటు అడుగున తయారైన తేదీ ముద్రించి ఉంటుంది.

3. ఎడమా, కుడా?

అందరూ ఎడమ పక్కనే పెట్టమంటారు. మన దేశంలో ఫుట్‌పాత్ అటే ఉంటుంది కాబట్టి మాట సబబే. మేమూ అలాగే మొదలుపెట్టాం. నాలుగో రోజుకే తప్పు తెలిసింది. మేము వెనక్కి వెళ్లేది ఎడమ తలుపు నుంచే. బేబీ సీటు ఎడమ పక్క ఉంటే దారికి అడ్డంగా కూర్చున్నట్టే. వెనక బిడ్డ పక్కన కూర్చోవాలంటే దాన్ని దాటుకుని అవతలికి వెళ్లాలి. కుట్లు మానని మనిషి చేసే విన్యాసం కాదది.

అందుకని సీటును కుడి పక్కకు, నడిపేవాళ్ల వెనక్కు మార్చాం. ఇప్పుడు వరస ఇదీ: ఎడమ ముందు సీటు వంచుతాం. నేను ఖాళీ చేతులతో ఎక్కి వెనక ఎడమ సీటులో కూర్చుంటాను. ఆయన బిడ్డను అందిస్తారు. నేను కూర్చునే కుడి వైపు తిరిగి పాపను సీటులో పెట్టి పట్టీలు బిగిస్తాను. వంగడం లేదు, నడుము మెలితిప్పడం లేదు. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు బిడ్డను ఎడమ చేత్తో గుండెకు ఆనించుకుని ఎక్కి కూర్చుని, కట్టాక దిగి ముందుకొస్తాను. కారు ఎత్తు 1,640 మిల్లీమీటర్లు కాబట్టి లోపల తల తగలదు. ఎక్కేదీ దిగేదీ ఎడమ వైపే కాబట్టి రోడ్డు పక్కన ఆపినా భయం లేదు.

ఒక షరతు. వెనక్కి తిప్పిన బేబీ సీటు నడిపేవాళ్ల సీటును ముందుకు నెడుతుంది. రొమ్ముకూ స్టీరింగ్‌కూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు మిగలాలి, లేదంటే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు దానివల్లే దెబ్బ తగులుతుంది. మా ఆయన ఐదడుగుల ఆరంగుళాలు, సరిపోయింది. మీ ఇంట్లో ఆరడుగుల మనిషి నడుపుతారంటే ఇది కుదరదు. ఎడమే గతి, అప్పుడు ముందు ఎడమ సీటు దాదాపు ఖాళీగా వదులుకోవాలి.

ముందు సీటులో బిడ్డను వెనక్కి తిప్పి పెట్టే ఆలోచన మాత్రం వద్దు. అక్కడి ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే నేరుగా బేబీ సీటు వీపును, అంటే బిడ్డ తల ఉన్నచోటునే కొడుతుంది. మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకు ముందు రెండో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. కాబట్టి మీ కారులో అది ఉందనే అనుకోండి.

4. బిగించడం

ఐసోఫిక్స్ అయితే రెండు పక్కలా ఒక్కోసారి ‘టక్’ మనాలి, సూచిక ఆకుపచ్చగా మారాలి. బేస్‌కు ఆసరా కాలు ఉంటే అది కారు నేలకు గట్టిగా ఆనాలి. పైన తగిలించే పట్టీ ఉన్న రకమైతే దాని కొక్కెం మీ కారులో ఎక్కడుందో కారు పుస్తకంలో చూసుకోండి. బిగించాక సీటును అడుగుభాగంలో, బెల్టు వెళ్లే చోట పట్టుకుని పక్కకు లాగండి. అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ మొదటికే.

తర్వాత వాలు. అప్పుడే పుట్టిన బిడ్డకు మెడ నిలవదు. సీటు నిటారుగా ఉంటే గడ్డం రొమ్ము మీదికి వాలి ఊపిరికి అడ్డం పడుతుంది. దాదాపు 45 డిగ్రీల వాలు కావాలి. చాలా సీట్లకు పక్కన గీతో, బుడగ సూచికో ఉంటుంది. దీన్ని సమతలం మీద ఆపి చూడాలి. సెల్లార్ ర్యాంపు మీద చూస్తే అబద్ధం చెబుతుంది, మేము వారం రోజులు ఆ అబద్ధాన్ని నమ్మాం.

5. కందిపప్పుతో రిహార్సల్

నవ్వకండి. మూడు కిలోల కందిపప్పును తువ్వాలులో మూటకట్టి, తల ఉన్నట్టు ఒక పక్క ముడివేసి, దానితో ఇద్దరం రోజుకు రెండుసార్లు చొప్పున వారం ఎక్కి దిగాం. మొదటిసారి ఏడు నిమిషాలు పట్టింది, మూట తల రెండుసార్లు తలుపు చట్రానికి తగిలింది. చట్రం పై అంచున ఎక్కడ తగులుతుందో తెలిశాక, బిడ్డను అందించేటప్పుడు ఆ అంచుకూ తలకూ మధ్య అరచేయి అడ్డం పెట్టడం ఆయనకు అలవాటైంది. ఇప్పటికీ పెడతారు. చివరి రోజుకు రెండు నిమిషాల్లోపే అయింది. ఆ పప్పు తర్వాత వండుకున్నాం.

6. బిడ్డను కట్టడం

ఆస్పత్రి నుంచి బయలుదేరేటప్పుడు నర్సు బిడ్డను పొత్తిళ్లలో చుట్టి చేతిలో పెడుతుంది. ఆ చుట్ట మీదే పట్టీలు బిగించకూడదు. పట్టీ కాళ్ల మధ్య నుంచి రావాలి, భుజాలను అంటిపెట్టుకుని ఉండాలి. చుట్ట విప్పి, పల్చని బట్టలతో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, కావాలంటే ఆ గుడ్డను పైనుంచి కప్పండి. ముఖం వెనక్కి ఉన్నప్పుడు భుజాల పట్టీలు భుజాల మట్టానికో, కాస్త కిందకో వచ్చే రంధ్రాల్లోంచి రావాలి. బిగించాక కాలర్ ఎముక దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా గిల్లి చూడండి. మడత చేతికి వస్తే వదులుగా ఉన్నట్టే.

ఈ సంగతి ఏ పుస్తకంలోనూ కనబడలేదు కాబట్టి చెబుతున్నాను. మూడో నెలలో పాప కారు ఎక్కిన ప్రతిసారీ గుక్కపట్టి ఏడ్చేది. ఎండ అనుకున్నాం, ఏసీ అనుకున్నాం, దిష్టి అని అత్తయ్య ఉప్పు తిప్పారు. ఒకరోజు ఇంటికొచ్చి లంగోటీ విప్పితే బొడ్డు కింద గుండ్రటి ఎర్రని ముద్ర, మధ్యలో చిన్న గంట ఆకారం. మొలతాడుకున్న వెండి మువ్వ సరిగ్గా బకిల్ కింద నలుగుతోంది. అప్పటి నుంచి కట్టే ముందు మొలతాడును వీపు వైపుకు కాక పక్క నడుము మీదికి జరుపుతాను, వీపు వైపు జరిపితే అక్కడ ఒత్తుకుంటుంది. నూనె రాసి స్నానం చేయించకముందు కారు ఎక్కించకండి. బిడ్డ చేతుల్లోంచి జారుతుంది, సీటు గుడ్డకు మరక పోదు.

ఏ సీటులోనూ ఒక విడతలో రెండు గంటలు మించి ఉంచకూడదు. మొదటి నెలల్లో ఇంకా తక్కువ. ఇంటికి రాగానే, నిద్రపోతున్నా సరే, తీసి వెల్లకిలా పడుకోబెట్టాలి.

7. ఒడి గురించి అమ్మతో

‘పసిగుడ్డును ఆ కుర్చీలో కట్టేస్తారా తల్లీ? నా ఒడిలో పెట్టు, నేను పట్టుకుంటాగా’ అని మా అమ్మ. ఆమెతో చట్టం మాట్లాడితే లాభం లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో బేబీ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటే, ‘కట్టేద్దాంలే’ అంది. లెక్క చెబితే విన్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోతే, ఐదు కిలోల బిడ్డ ఆ క్షణంలో 55 కిలోల పైచిలుకు బరువుతో ముందుకు దూకుతుంది. ‘అమ్మా, సిమెంటు బస్తా ఒక్కసారిగా ఒడిలోంచి లాగితే ఆపగలవా?’ అన్నాను. కాసేపు ఆలోచించి, ‘సరే, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటా’ అంది. మా వరసలో ఆమెకు వెనక ఎడమ సీటు ఉంది కాబట్టి అది కుదిరింది.

8. ఎక్కడ ఆపాలి

బిడ్డ దిగాకే బండి పార్క్ చేయాలి, లోపల పెట్టిన బండిని బయటికి తీశాకే బిడ్డను ఎక్కించాలి. అంటే పార్కింగ్ గీతల మధ్య బిడ్డతో పని పెట్టుకోవద్దు. మాల్‌లో లిఫ్టు దగ్గర, ఫంక్షన్ హాల్లో గేటు లోపల విశాలంగా ఉన్నచోట ఆపి మమ్మల్ని దింపి, ఆయన వెళ్లి పార్క్ చేస్తారు. ఒక్కదాన్నే ఉంటే వరస చివర, ఎడమ పక్క ఖాళీగా ఉండేలా పెడతాను. బండి చిన్నది కాబట్టి గీతల మధ్య కుడి అంచుకు జరిపి నిలిపితే ఎడమ తలుపుకు చేరెడు చోటు అదనంగా మిగులుతుంది. ఈ ఒక్క విషయంలో పెద్ద కార్లవాళ్లు మనల్ని చూసి కుళ్లుకోవచ్చు.

9. సామాను

వెనక సీటు సగం సగం మడిచే వీలుంటే బతికినట్టే. కుడి సగంలో పాప, ఎడమ సగం మడిస్తే పాపను తోసుకెళ్లే బండి (స్ట్రోలర్), సంచి. అప్పుడు నేను ముందు కూర్చోవాలి. గుర్తుంచుకోవలసింది: బిడ్డను కట్టాకే ఎడమ సగం మడవాలి. ముందే మడిస్తే కూర్చుని కట్టడానికి చోటుండదు.

పెద్ద ప్రామ్ ఎవరైనా కానుకగా ఇస్తే దండం పెట్టి మార్పించుకోండి. విమానంలో పైన పెట్టుకునేంతగా మడతపడే రకమే మనకు తగినది. అది ముందు సీటు కాళ్ల దగ్గర కూడా పడుతుంది. డైపర్లు, రెండు జతల బట్టలు, రెండు పాత కాటన్ చీర ముక్కలు, ఒక ప్లాస్టిక్ సంచి. ఇవి ఒక చిన్న సంచిలో ఎప్పుడూ కారులోనే ఉంటాయి. స్టీలు ఫ్లాస్కును సీటు మీద వదలకండి. గట్టి బ్రేకు పడితే అది రాయిలా ఎగురుతుంది. తలుపు అరలోనో, జిప్పు వేసిన సంచిలోనో ఉండాలి.

10. ఎండ

మేలో హైదరాబాద్‌లో ఎండలో నిలిపిన కారులో బకిల్ ఇనుము కాలుతుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్లని తువ్వాలు పరచండి. ఎక్కించేముందు బకిల్‌ను మీ ముంజేతికి ఆనించి చూడండి. వెనక అద్దాలు దిగవు, ఏసీ గాలి ముందు నుంచే రావాలి, వెనక్కి తిరిగిన సీటు వీపు దానికి అడ్డం. ఏసీ గాలి వచ్చే కంతల రెక్కలను పైకప్పు వైపు తిప్పితే పైనుంచి వెనక్కి చేరుతుంది. బిడ్డ చల్లగా ఉందా లేదా అన్నది చేతులు కాదు, మెడ వెనక తాకి చూడాలి.

‘ఒక్క నిమిషం, మందులు తెచ్చేస్తా’ అని బిడ్డను కారులో వదలడం ఎన్నడూ వద్దు. మూసిన కారులో వేడి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరగగలదు, పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. దింపి మళ్లీ ఎక్కించడం బద్ధకమనిపించేది సరిగ్గా రెండు తలుపుల కారులోనే. అందుకే ఇది మనకు ఇంకా గట్టిగా చెప్పుకోవలసిన మాట.

11. ఊరి ప్రయాణం

మా పుట్టిల్లు విజయవాడ, 275 కిలోమీటర్లు. మా కారు పరిధి కంపెనీ లెక్కలో 230, ఏసీతో అంతకన్నా తక్కువే వస్తుంది. మా మోడల్ పూర్తిగా చార్జ్ కావడానికి ఏడు గంటలు. చంటిబిడ్డతో సూర్యాపేటలో ఆగి ఏడు గంటలు ఎదురుచూసే ఓపిక ఎవరికుంది? రైలెక్కుతాం. బుట్ట సీటు వెంట తీసుకెళ్తాం. బేస్ లేకుండా కారు బెల్టుతోనే బిగించే వీలున్న మోడల్ కొనమని అందుకే అంటున్నాను. స్టేషన్ బయట క్యాబ్ ఎక్కగానే వెనక బెల్టు బకిళ్లు సీటు కవరు కింద దాక్కుని ఉంటాయి. ‘అన్నా, కవరు కాస్త పైకి లాగండి, బెల్టు కావాలి’ అంటే చాలామంది విసుక్కోకుండానే తీసిస్తారు.

12. ఏడాది దాటాక

పాప కాళ్లు వెనక సీటు వీపుకు తగులుతున్నాయని ముందుకు తిప్పేయమని చాలామంది చెప్పారు. తిప్పలేదు. పిల్లలు కాళ్లు మడుచుకుని బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంటారు. సీటు అనుమతించే బరువో ఎత్తో దాటేదాకా వెనక్కే ఉంచడం మెడకు క్షేమం. ఇప్పుడు కన్వర్టిబుల్ వాడుతున్నాం, 18 కిలోల దాకా వెనక్కే ఉంచవచ్చు. ఈ వయసులో మన కారుకు ఒక మేలుంది. పాప చేతికి అందేచోట తలుపే లేదు, పిడి లాగుతుందన్న బెంగ లేదు. నెలకోసారి భుజాల పట్టీ రంధ్రాలు మాత్రం చూసుకోవాలి, వీళ్లు రాత్రికి రాత్రే పెరిగిపోతారు.

ఈ కారు అమ్మాల్సిన రోజు ఎప్పుడన్నది మేము ముందే అనుకుని పెట్టుకున్నాం. రెండో బిడ్డ పుడితే రెండు బేబీ సీట్లతో వెనక పెద్దవాళ్లకు చోటుండదు, ఎడమ సీటులో కూర్చుని కట్టే మా వరసంతా తప్పుతుంది. అత్తయ్య, మామయ్య మా దగ్గరికి వచ్చి ఉంటే ఐదుగురం అవుతాం. లేదా బిడ్డను ఎక్కించే పనికి మా ఇద్దరిలో ఎవరి నడుమైనా వరసగా రెండు వారాలు నొప్పి పెడితే. పోయిన నెలలో మామయ్య మోకాలి ఆపరేషన్ తేదీ ఖాయమైంది, ఆ తర్వాత మూడు నెలలు వాళ్లు ఇక్కడే ఉంటారు. ఆ మూడు నెలలకు క్యాబ్‌లకే వెళ్దామా, కారే మార్చేద్దామా అని మా ఇంట్లో ప్రస్తుతం లెక్కలు నడుస్తున్నాయి. నా ఓటు క్యాబ్‌లకే.